మొలతాడుకు కట్టిన తాళంచెవి

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు: ఒకటి మామగారు, రెండోది రైలు దొంగలు. (రెండో భయం అంటించింది కూడా మామగారే.) కొత్తగా పెళ్ళయి, సిడ్నీలోని బ్లాక్‌టౌన్‌లో కాపురం పెట్టి, సెలవు దొరకగానే యూరప్‌లో పాత ఊళ్ళన్నీ రైళ్ళ మీద చూసొద్దామని బయలుదేరుతున్నాం. మా దగ్గరికి బెజవాడ నుంచి వచ్చి ఉన్న మామగారు, సూట్‌కేసుకు వేసే ఇనప గొలుసూ తాళమూ నా చేతిలో పెట్టారు. "యూరప్‌లో ఇవెందుకండీ?" అని నసిగాను. "రైలంటే రైలే అల్లుడుగారూ! దొంగకి దేశమేంటండీ? తాళంచెవి మాత్రం మొలతాడుకి కట్టుకోండి. జేబుని నమ్మకూడదు" అన్నారాయన. అల్లుణ్ణి కదా, కట్టుకున్నాను.

వియన్నాలో రాజభవనాలూ చర్చిలూ కాళ్ళు పీకేదాకా తిరిగి సాల్జ్‌బర్గ్ రైలెక్కాం. మా ఆవిడ అసలు చూడాలనుకున్న ఊరు అదే. చిన్నప్పుడు వాళ్ళ వంటింటి క్యాలెండర్ మీద ఆ కొండా కోటా నదీ ఉండేవట. ఏడాది అయిపోయాక తేదీలు చింపేసి బొమ్మ దాచుకుందట. పెట్టెలు పెట్టే అరలో మా సూట్‌కేసును గొలుసుతో బిగించి, పాస్‌పోర్టులు కూడా అందులోనే భద్రంగా ఉన్నాయి కదా అని దర్జాగా కూర్చున్నాను.

ఊరు దగ్గరపడుతుంటే లేచి చూద్దును కదా, ఎవరివో పెట్టెలు మా దాని మీద పడి తాళం గోడవైపు తిరిగిపోయింది. మొలతాడు ముడి బిగుసుకుపోయి తాళంచెవి ఊడి రాదు. కోటెత్తి, స్వెట్టరెత్తి, పెట్టెల మధ్య బోర్లాపడి, నా నడుమునే తాళం దగ్గరికి చేర్చే ప్రయత్నంలో ఉండగా రైలు ఆగింది. "తొందరగా రండీ! అదిగో, కోట కనపడుతోంది!" అంటూ మా ఆవిడ కిటికీకీ నాకూ మధ్య పరుగులు. స్వెట్టరు అల్లుకుంటున్న ఒక ముసలావిడ జాలిపడి, కత్తెర తీసి నా మొలతాడు వైపు చూపించింది. తల ఊపేశాను. మా ఆవిడ కెవ్వుమంది. "నేను బతికుండగానే మొలతాడు తెంపుతారా! నో, నో, ఆంటీ, ప్లీజ్!" (భార్య పోయినప్పుడు తెంపే తాడని ఆ ఆస్ట్రియా ఆంటీకి ఏం తెలుసు, పాపం.) తలుపులు మూసుకున్నాయి. కోట వెనక్కి వెళ్ళిపోయింది. మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

చివరికి టికెట్లు చూసే ఆయన వచ్చి పై పెట్టెలు దించి, నన్ను పక్కకి తిరిగి పడుకోమని సైగ చేశాడు. మా ఆవిడ తాళంచెవి తిప్పింది. తర్వాత వచ్చిన స్టేషన్ కూఫ్‌స్టైన్, మేం పేరైనా వినని ఊరు. దిగితే అక్కడా కొండ మీద కోట, కింద నది! మధ్యాహ్నం కోట బురుజులోంచి ఆర్గన్ మోగి ఊరంతా నిండిపోయింది. నది ఒడ్డున కూర్చుని, బ్రెడ్డులో కందిపొడి పెట్టుకుని తింటూ విన్నాం. "ఇది క్యాలెండర్‌లో లేదు లెండి" అంది మా ఆవిడ, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. అంత హాయిగా నేనెప్పుడూ భోంచేయలేదు. వెనక్కి సాల్జ్‌బర్గ్ వెళ్ళాలన్న మాటే మరిచిపోయాం.

ఆ గొలుసు ఇప్పుడు మా పెరట్లో బార్బీ (ఇక్కడ బార్బెక్యూ పొయ్యిని అలాగే అంటారు) గ్యాస్ సిలిండరుకు కాపలా కాస్తోంది. మొన్న ఇదంతా విని మా అమ్మాయి, "డాడ్, సో ఎంబరాసింగ్! జస్ట్ కట్ ఇట్!" అంది. వాళ్ళమ్మ గుర్రుగా చూసింది. నా మొలతాడు ఇప్పుడు పొడుగైంది. తాళంచెవి కట్టినా పొట్ట అడ్డమొచ్చి నాకు కనపడదు. "ఈసారైనా సాల్జ్‌బర్గ్ వెళ్దామా?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"వెళ్దాం లెండి, తొందరేముంది?" అంది. "మొలతాడు గట్టిగానే ఉందిగా!"