ఇంటిపేరు గడిలో అక్క పేరు

మా బావ అమెరికా పౌరుడైనప్పటి నుంచి ఆయనకు నా పాస్‌పోర్టు మీద విపరీతమైన జాలి. సింగపూర్ వచ్చి ఇన్నేళ్ళయినా నా చేతిలో ఉన్నది ఇండియా పాస్‌పోర్టే. ఏ దేశం వెళ్ళాలన్నా ముందు జీతం కాగితాలు, బ్యాంకు కాగితాలు, తెల్ల గోడ ముందు దిగులుగా దిగిన ఫోటోలు పోగుచేసుకోవాలి. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా "ఏవోయ్ బామ్మర్దీ, ఈసారి నీ ఫైలు ఎన్ని కేజీలు తూగింది?" అని అడిగేవాడు. అక్క మొగుడు కాబట్టి వెటకారం ఆయన హక్కు. బావమరిదిని కాబట్టి నవ్వి ఊరుకోవడం నా వంతు. లోపల మాత్రం మండేది. ఈయనగారిని ఎవరైనా ఒక్కసారి "ఆగండి" అంటే ఎంత బాగుంటుందో అనుకునేవాణ్ణి.

ఆ కోరిక తీరింది. తీరకూడని సమయంలో తీరింది.

నేను ఇక్కడికి వచ్చింది మొదటి ఐటీ బూమ్‌లో. ఇప్పుడు ఏఐ పేరుతో మరొకటి నడుస్తోంది. వన్-నార్త్‌లోని మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు కుర్చీలు చాలక, తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో బల్లల్ని ముందే చోప్ చేసుకున్నట్టు టిష్యూ ప్యాకెట్లు పెట్టి సీట్లు ఆపుకుంటున్నారు. మా మేనకోడలికి లండన్‌లో ఉద్యోగం ఇచ్చింది కూడా ఈ బూమే. అక్కకు అదొక్కతే కూతురు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల, పెళ్ళయి లండన్ వెళ్ళింది, తొలి కాన్పుకు సిద్ధంగా ఉంది. పురిటికి పుట్టింటికి వచ్చే వీలు లేదు కాబట్టి పుట్టిల్లే దాని దగ్గరికి బయలుదేరింది. అక్కా బావా ముందు కాకినాడ వెళ్ళి, బాలింతకు పెట్టే కాయం చేయించుకుని, పొత్తిళ్ళకు పాత నూలు చీరలు సేకరించుకుని, మమ్మల్ని చూసిపోదామని సింగపూర్‌లో యూ టీ పేటలోని మా ఫ్లాట్‌లో దిగారు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం అన్నాలు తింటుంటే మేనకోడలు ఫోన్ చేసింది. ఇంకా రెండు వారాలు ఉందనుకున్న కాన్పును డాక్టర్లు ముందుకు జరిపారు. బీపీ ఎక్కువగా ఉందట, మర్నాడే ఆసుపత్రిలో చేరమన్నారట. ధైర్యం గల పిల్లే. అయినా ఆ రోజు మాత్రం "అమ్మా, నువ్వు రేపు వచ్చేస్తావు కదా? నువ్వు లేకపోతే నా వల్ల కాదు" అంది. "వచ్చేస్తున్నానే తల్లీ, పొద్దున్నే విమానం" అంది అక్క. ఫోన్ పెట్టేశాక మళ్ళీ ముద్ద ఎత్తలేదు.

ఇక్కడే పెరిగిన మా అమ్మాయి అంతా విని, ఫోన్లో ఏదో చూసి, తలెత్తి సింగపూర్ యాసలో అడిగింది. "మామయ్యా, యూ గాట్ ఈటీఏ ఆర్ నాట్?"

"ఏంటమ్మా అది?"

"యూకే ఎంట్రీకి పర్మిషన్. అమెరికన్స్‌కి కూడా కావాలి లా. న్యూ రూల్."

బావ నవ్వాడు. "మాకు వీసా అక్కర్లేదమ్మా. మీ నాన్నకైతే కావాలి."

"వీసా అక్కర్లేదు మామయ్యా. పర్మిషన్ కావాలి."

వీసా అక్కర్లేకుండా పర్మిషన్ కావడమేమిటో ఆయనకు ఎంతకీ మింగుడుపడలేదు. అమెరికా వాళ్ళను అడిగే మొగాడెవరని కాసేపు వాదించాడు. మా అమ్మాయి ఓపిగ్గా ఒక్కో దేశం పేరూ చదివి వినిపించింది. లోకం చాలా చోట్ల ఆయన్ను కూడా ముందు చెప్పి రమ్మంటోందని అప్పుడు తెలిసింది. నాకు నవ్వొచ్చింది. అక్క మొహం చూసి మింగేశాను. "ఇలా ఇవ్వండి బావా, నేను నింపుతాను. నాకిది అలవాటే" అన్నాను. పౌరుషం అడ్డొచ్చింది. కళ్ళజోడు సవరించుకుని, సోఫాలో కూర్చుని ఇద్దరివీ ఆయనే నింపాడు. మేం కంచాలు కడిగి వచ్చేసరికి ఇద్దరికీ అనుమతి వచ్చేసింది. "చూశావా? అమెరికా పాస్‌పోర్టంటే అదీ" అన్నాడు.

పొద్దున చాంగీలో విమానం కంపెనీ కౌంటర్ దగ్గర బావ పని క్షణంలో అయిపోయింది. అక్క పాస్‌పోర్టు దగ్గర మాత్రం అక్కడి అమ్మాయి ఆగింది. స్క్రీన్ చూసింది, పాస్‌పోర్టు చూసింది, మళ్ళీ స్క్రీన్ చూసింది.

"సారీ ఆంటీ, నేమ్ నాట్ సేమ్."

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. అక్క మొదటి పాస్‌పోర్టు తీసేటప్పుడు, మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పేరు వెనక రాసి ఇచ్చారు. ముందున్నది పేరు, వెనకున్నది ఇంటిపేరు అయి అచ్చయింది. దాన్ని చూసి గ్రీన్‌కార్డు, దాన్ని చూసి అమెరికా పాస్‌పోర్టు. అలా అమెరికాలో అక్క పేరు బావ ఇంటిపేరయిపోయింది. ఆఫీసులోనూ, బ్యాంకులోనూ, పక్కింట్లోనూ అందరూ ఆ ఇంటిపేరుతోనే పిలుస్తారు. అసలు పేరు ఎక్కడో ఇంటిపేరు గడిలో పడి ఉంటుంది. ఇంట్లోనైనా పిలుస్తారా అంటే, బావ నోట "ఇదిగో", "ఏమే", మహా అయితే "మీ అక్క ఏదిరా". ఆయన తండ్రి పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవలేదు, ఈయనా పిలవలేదు.

రాత్రి ఫారం నింపేటప్పుడు ఇంటిపేరు అడిగిన చోట బావ తన ఇంటిపేరే రాశాడు. పేరు అడిగిన చోట పేరు రాశాడు. నిజమే రాశాడు. పాస్‌పోర్టులో ఉన్నదే అబద్ధం.

"సర్‌నేమ్ అంటే ఇంటిపేరమ్మా! ఇది నా ఇంటిపేరు, ఈవిడ నా భార్య" అని ఆయన ఇంగ్లీషులో వాదించాడు. "ఐ నో అంకుల్, బట్ సిస్టమ్ కెనాట్" అంది ఆ అమ్మాయి. పాపం, ఆమె మర్యాదగానే చెప్పింది. కొత్తగా అనుమతి తీసుకోమంది.

పక్కనున్న బెంచీ మీద కూర్చుని నేనే మళ్ళీ మొదలుపెట్టాను. "ఇంటిపేరు గడిలో అక్క పేరు కొట్టాలి, పాస్‌పోర్టు చూసి స్పెల్లింగ్ చెప్పండి బావా" అన్నాను. ఆయన ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే చదివాడు. చివరిదాకా వచ్చాక ఆగాడు, మొత్తం పేరు మాత్రం పలకలేదు. రాత్రి నిమిషాల్లో వచ్చిన జవాబు ఈసారి రాలేదు. ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాం. కౌంటర్ మూసే వేళయింది.

అక్క లేచింది. "మీరెళ్ళండి" అంది.

"నేనెళ్ళి ఏం చేస్తానే? పురిటి గదిలో నాకేం తెలుసు?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. దాని పక్కన కూర్చోండి. చెయ్యి పట్టుకోండి. భయమేస్తే నాన్న చెయ్యి కూడా పనికొస్తుంది."

కాయం డబ్బా, పాత చీరల సంచీ ఆయన చేతిలో పెట్టింది. కాయం ఎంత పెట్టాలో, పసిబిడ్డ తల ఎలా పట్టుకోవాలో చెప్తూ లోపలికి వెళ్ళే గేటు దాకా నడిచింది. నన్ను ఇన్నేళ్ళు ఆటపట్టించిన మనిషి తప్పిపోయిన పిల్లాడిలా వెనక్కి చూస్తూ వెళ్ళాడు. ఆయన్ను ఎవరో ఆపాలని కోరుకున్న నేను అక్క సూట్‌కేసు లాక్కుంటూ టాక్సీ వరసలోకి వెళ్ళాను. సిగ్గనిపించింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

టాక్సీలో అక్క ఒకే మాట అంది. "ఒరేయ్, అది నన్నే అడిగిందిరా."

అనుమతి సాయంత్రానికి వచ్చింది. మర్నాటి పొద్దుటి విమానానికి టికెట్ మార్పించాను. మేం మళ్ళీ అదే కౌంటర్‌కు వెళ్తే అదే అమ్మాయి ఉంది. పేరు చూసి, "టుడే కెన్, ఆంటీ" అని నవ్వింది. బోర్డింగ్ కార్డు అక్క చేతికి అందుతుండగా నా ఫోన్ మోగింది. లండన్ నుంచి బావ. స్పీకర్ పెట్టి అక్కకు దగ్గరగా పట్టుకున్నాను.

అటు నుంచి ఒక పేరు వినిపించింది. అక్క పేరు, మొత్తం, గట్టిగా.

"ఎవరండీ?" అంది అక్క.

"నేనేనే! పాప పుట్టింది. ఇద్దరూ బాగున్నారు." ఆయన ఏడుస్తున్నాడు. "అల్లుడు ఓ పక్క ఉన్నా, నేను వచ్చినప్పటి నుంచీ నా చెయ్యి వదల్లేదే. నొప్పులొచ్చినప్పుడల్లా అమ్మా అమ్మా అంటుంటే నాకేం చెయ్యాలో తోచలేదు. ఇదిగో వస్తోంది, ఇదిగో వస్తోంది అంటూ నీ పేరే చెప్తూ కూర్చున్నాను."

అక్క కళ్ళు తుడుచుకుంది. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని నోటి దగ్గర పెట్టుకుంది.

"ఇన్నాళ్ళకు సరైన గడిలో రాశారు" అంది.

ఆ పేరేమిటో ఇక్కడ రాయను. అది మా బావ నోట వినాలి. ఇప్పుడు రోజుకు పదిసార్లు పిలుస్తున్నాడట, పని ఉన్నా లేకపోయినా.