సూదికో ముచ్చట

మొన్న ఆదివారం ఎదురింటావిడ కిషన్‌బాగ్‌లోని చెల్లెలింటికి మకాం మారుస్తూ, మగ్గం చట్రం మెట్లు దింపడానికి ఓ చెయ్యి వెయ్యమని నన్ను పిలిచింది. నాకు అక్కలాంటి ఆపా, మా అమ్మాయికి పెద్దమ్మలాంటి ఖాలా. మంచమంత చట్రం అది. దాని కొస పట్టుకోగానే మా అమ్మాయి పదిహేనో ఏడు గుర్తొచ్చింది.

ఫలక్‌నుమాలో మా గల్లీ ఆడవాళ్ళు సాయంత్రాలు ఆ చట్రం చుట్టూ చేరి జాకెట్ల మీద పూసలు కుట్టేవారు. పెద్దవాళ్ళకు చూపు ఆనదు కాబట్టి సూదుల్లో దారం ఎక్కించే పని మా అమ్మాయిది. అక్కడొక కాయిదా ఉండేది. దారం ఎక్కించినవాళ్ళు ఆ రోజు జరిగిన ముచ్చట చెప్పాలి, సూదికొకటి చొప్పున. బడిలో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల, అక్కడ సైన్సు సారు తుమ్మును కూడా నటించి చూపేదట. ఆ నవ్వులు మా ఇంటిదాకా వినిపించేవి. పేపరు చదువుకుంటూ, ఇదేం లొల్లిరా అని విసుక్కునేవాణ్ణి.

నేను రైల్వే గుమస్తాను. రైలు గంట ఆలస్యమైతే సర్దుకుంటాను గానీ, పిల్లకు రెండు మార్కులు తగ్గితే సర్దుకోలేను. పదో తరగతి రాగానే మగ్గం మాన్పించి ట్యూషన్‌లో చేర్చాను. ఆపా మా గుమ్మం దాకా వచ్చింది.

"ఒక్క గంటనే కద భాయ్. పిల్ల ఈడ మస్తు ఖుషీగ ఉంటది."

"ఒక్క ఏడాదే ఆపా. పరీక్షలైనంక నేనే తోల్కొస్త" అన్నాను.

పరీక్షలయ్యాయి, మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. మిఠాయి డబ్బా ఎదురింటికి ఇచ్చి రమ్మంటే పిల్ల కదల్లేదు. "మస్తు దినాలైంది బాపు, ఇప్పుడు పోయి ఏం మాట్లాడాలె?" అంది. సిగ్గులే, అదే పోతుందనుకుని డబ్బా నేనే ఇచ్చొచ్చాను. తర్వాత ఇంటరు, డిగ్రీ, ఇప్పుడు ఆఫీసు. సాయంత్రం వచ్చి ఫోను ముందేసుకుని కూర్చుంటుంది. ఏమ్మా, ఇవాళేమైంది అంటే, "ఏం లేదు బాపు" అంటుంది.

చట్రం ట్రాలీ ఆటో ఎక్కించాక ఆపా మా అమ్మాయిని పిలిచి, దుపట్టాకు గుచ్చుకున్న సూది తీసి చేతిలో పెట్టింది. "ఆఖరుసారి దారం ఎక్కియ్యి బిడ్డా." ఒక్క ప్రయత్నంలోనే ఎక్కించింది.

"మరి ముచ్చట?"

మా అమ్మాయి సూది వంక చూసింది, నా వంక చూసింది. "ఏం లేదు ఖాలా" అంది, నవ్వుతూనే.

తప్పు నాదే. ఆ పిల్ల దగ్గర నేను తీసుకున్నది ఒక్క ఏడాదే. ఎనిమిదేళ్ళయినా దాన్ని తిరిగివ్వడం నా చేత కావడం లేదు.