పీట ఎత్తు కిటికీ

మా పాత మట్టి ఇంట్లో వంటగదికి కిటికీయే లేదు. కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు భద్రాచలంలో ఒక అద్దాల కిటికీ కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మేస్త్రీ దాన్ని అందరి ఇళ్ళలోలాగే నడుమెత్తున బిగించాడు. నా భార్య పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని చూసింది.

"ఏందిది? ఆకాశం ఒక్కటే కనపడుతాంది. వాకిట్ల ఇప్పపువ్వు ఎండబోస్తే మేకలు తింటయ్. నేను కూసొని వండాల్నా, లేచి మేకల్ని చూడాల్నా?"

"కిందికి పెడితే కోళ్ళు దూరుతయ్ వదినా," అని మేస్త్రీ నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. "వండేది నువ్వా, ఆమెనా? దించు," అన్నాను. అప్పటికప్పుడు ఊడదీయించి, పీటమీద కూర్చున్న ఆమె కళ్ళకు ఎదురుగా పెట్టించాను.

ఇప్పపువ్వు కాలం ఎప్పుడో అయిపోయింది. వాకిట్లో కాపలా కాయాల్సిందేమీ లేదు. అయినా ఆమె పీట కిటికీ ముందు నుంచి కదలలేదు. పనికి వెళ్ళిన సుక్మా నుంచి నేను ఏ బస్సుకు తిరిగి వచ్చినా, గడప దగ్గరికి చేరేసరికి కంచంలో అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది.