ఒళ్లో వణుకు

నిద్రలో కలవరించేవాళ్లను నేను ఈనాటికీ లేపను.

నిజాం పాలన చివరి రోజులు. గడబిడలకు భయపడి, ఊళ్లో ఇంటికి తాళం వేసి, అమ్మా నేనూ సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాం. బొగ్గుతో నడిచే బస్సు. మిట్టమధ్యాహ్నపు ఎండలో బయట తాటిచెట్లు నీళ్లలో నిలబడ్డట్టు ఊగుతున్నాయి. ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న కుక్కపిల్ల నా ఒళ్లో నిద్రపోతూ ఉన్నట్టుండి గడగడా వణికింది.

"మూర్ఛ! ఇనుము పట్టియ్యుండ్రి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అమ్మ నడుమున దోపుకున్న ఇంటి తాళంచెవి తీసి దాని కాలికి ఆనించబోయింది. పక్కన కూర్చున్న ముసలమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ఎవరో, ఏ ఊరో మాకు తెలియదు.

"మూర్ఛ గాదు బిడ్డా, కల. కాళ్లు సూడు, ఎట్ల ఉరుకుతున్నదో. ఇంటికి పోతున్నది. లేపకు, సేరనియ్యి."

అమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆ చిన్న కాళ్లు పరుగెత్తి పరుగెత్తి, నెమ్మదించి, ఆగాయి. తోక ఒక్కసారి ఊగింది.

"సేరింది," అన్నది ముసలమ్మ.

అమ్మ పిడికిలి విప్పి తాళంచెవిని చూసుకుంది.

"మరి తలుపెవలు తీసిన్రవ్వా?" అని మెల్లగా అడిగింది.