మూర్తి సార్ హయాంలో నీళ్ల వంతులు

ఆ జులై వరదలో మా నగరపాలిక పోగొట్టుకున్న వాటి జాబితా నేనే రాశాను. నది ఒడ్డున పంపుహౌస్‌లో ఉన్న మూడు మోటార్లలో రెండు. పైకప్పు రేకులు ఇరవై రెండు. నది నుంచి ఫిల్టరు దాకా వేసిన పైపుల్లో నూట ఎనభై మీటర్లు. నీళ్లు తేరుకోవడానికి వేసే పటిక నలభై బస్తాలు. కరెంటు ప్యానెల్ ఒకటి, తాళంచెవుల గుత్తి ఒకటి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఆ గడిలో సున్నా వేశాను.

జగదల్‌పూర్ నుంచి బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న చిన్న ఊరు అది. నేను జల విభాగంలో దినకూలీ టైమ్‌కీపరుగా చేరి అప్పటికి నాలుగేళ్లు. మాది గొల్లపల్లి వైపు. చదివింది ఎనిమిదో తరగతి. మిగతా లెక్కలు జగదల్‌పూర్ సంతలో కొన్న పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. నన్ను పర్మినెంట్ చేసే ఫైలు అప్పుడు సీఎంఓ గారి బల్ల మీద ఉంది. సీఎంఓ అంటే ముఖ్య నగరపాలికా అధికారి. అధ్యక్షుడు, పార్షదులనే వార్డు సభ్యులు ఎన్నికై వస్తారు, పోతారు. నీళ్లు, దీపాలు, చెత్త, రోడ్లు రోజూ నడిపించేది ఈయనే.

మా సీఎంఓ మూర్తి సార్. కిరందుల్ గని కాలనీలో పుట్టి పెరిగిన ఆంధ్రా మెకానిక్ కొడుకు. హిందీలో ఫైలు రాసేవారు, అక్కడి హల్బీ భాషలో బేరమాడేవారు, ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. చొక్కా జేబులో ఇద్దరు కూతుళ్ల స్కూలు టైమ్‌టేబుల్ మడిచి పెట్టుకునేవారు. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఎంత పెద్ద మీటింగులో ఉన్నా లేచేవారు. పక్షవాతంతో మంచం పట్టిన తల్లికి చెంచాతో అన్నం తినిపించి, తరువాత భార్యతో కూర్చుని తాను తిని, సరిగ్గా రెండున్నరకు వచ్చేవారు. ఇంట్లో ఆఫీసు మాట ఎత్తకూడదనేది ఆయన పెట్టుకున్న నియమం. భార్య లలితమ్మ గారు వీధి దీపం వెలగడం లేదన్నా, ఆఫీసులో అర్జీ ఇవ్వమనేవారట.

మిగిలిన ఒక్క మోటారు ఓవర్‌హెడ్ ట్యాంకును రోజుకు ఒక్కసారి మాత్రమే నింపగలదు. ఆ ట్యాంకు మీద ఐదు నుంచి తొమ్మిది దాకా ఐదు వార్డులు ఆధారపడి ఉన్నాయి. వంతులు వేసే పని నాకు అప్పగించారు. సీఎంఓ క్వార్టరుకు ట్యాంకు నుంచి నేరుగా విడి లైను ఉండేది. సార్ మొదటి రోజే దానికి సీలు వేయించి, తన ఇంటిని తొమ్మిదో వార్డు లైనుకు కలిపించారు. తొమ్మిది చివరి వంతు.

నా లెక్క సులువైనది. ట్యాంకు నిండితే పది అడుగుల నీళ్లు. ఐదు వార్డులు, తలా రెండు అడుగులు. ట్యాంకు లోపల తేలే డబ్బాకు కట్టిన తాడు, బయట అడుగుకో గీత ఉన్న పలక మీద మట్టం చూపిస్తుంది. రెండు గీతలు దిగగానే వాల్వ్‌మ్యాన్ జోగా ఒక వార్డు కట్టేసి ఇంకోటి తిప్పాలి. అంతకన్నా న్యాయమైన పంపకం ఉండదనుకున్నాను.

ఆరో రోజు వంతులన్నీ ముగిశాక, ఉదయం పదకొండు గంటలకు తొమ్మిదో వార్డు ఆడవాళ్లు ముప్పై మంది దాకా ఖాళీ బిందెలతో ఆఫీసుకు వచ్చారు. ముందు నిలబడినామె ముత్తక్క, కొంటా వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇడ్లీ బండి నడుపుకుంటోంది.

“ఏంది సారూ, మా వార్డు కాడికొచ్చేసరికి ట్యాంకు గూడ అలిసిపోతదా?” అంది.

ఆమె వెనకే, చేతిలో బిందెతో లలితమ్మ గారు. సార్ లేచి నిలబడ్డారు. ఆవిడ మడిచిన కాగితం బల్ల మీద పెట్టారు.

“ఏదున్నా ఆఫీసులో అర్జీ ఇమ్మన్నారుగా. ఇదిగోండి. పావతీ ఇప్పించండి, ఊరికే పోను.”

“లలితా, ఇదేంటి?”

“ఇక్కడ అర్జీదారుని. పేరుపెట్టి పిలవకండి.”

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. గుమాస్తా అర్జీ తీసుకున్నట్టు ముద్ర వేసి నిజంగానే పావతీ ఇచ్చాడు.

అర్జీలో ఉన్నది నవ్వే విషయం కాదు. ఆరు రోజులుగా నల్లా చాలా త్వరగా ఆగిపోతోంది. అత్తగారికి రోజుకు మూడు దుప్పట్లు ఉతకాలి. ఆయనా తనూ తెల్లవారగానే చేతిపంపు నుంచి మోస్తున్నారు. సార్ బిందెలు మోయడం ఊరంతా చూసింది. అందరికీ అంతే వస్తున్నాయని ఆయన అనుకున్నారు. ఆయన మోస్తున్నారు కదా, అందరికీ అంతేనని వార్డు కూడా ఆరు రోజులు ఓర్చుకుంది. ఎనిమిదో వార్డులో బట్టలు ఉతికాక కూడా నల్లా వస్తోందని ముత్తక్క ఆ ముందురోజే చూసింది.

సార్ జోగాను పిలిపించారు. వాడు లాగ్‌బుక్ తెరిచాడు. మొదటి నాలుగు వార్డుల్లో ఒక్కోదానికి రెండు గీతలు దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. తొమ్మిదికి ఇరవై రెండు.

“రోజూ రాస్తున్న గద బాబూ, బాయీస్ మినిట్ అని. సూసెటోడేడీ?” అన్నాడు నా వైపు తిరిగి.

నేను అడుగులే చూశాను. నిమిషాల గడి చూడలేదు. మట్టం తగ్గేకొద్దీ ధార నెమ్మదించవచ్చు గాని పెరగదు, కాబట్టి చివరి వంతుకు నలభైకి తగ్గకూడదు. తక్కువ పట్టిందంటే అక్కడ నీళ్లే తక్కువ. నిచ్చెన ఎక్కి చూశాను. ట్యాంకు పైన నిలువు గోడలే. కింది భాగం మాత్రం మూకుడులా లోపలికి వంగి ఉంది. పై రెండు అడుగులూ కింది రెండు అడుగులూ ఒకటి కావు. మామూలు రోజుల్లో మోటార్లు నింపుతూనే ఉంటాయి గనుక ట్యాంకు అంత కిందికి ఎప్పుడూ దిగలేదు.

దిగి వచ్చి సార్‌కు చెప్పాను. నా ఫైలు ఆయన చేతి కిందే ఉంది. ఆయన తిట్టలేదు. లెక్క వేసినవాడే వాళ్లకు చెప్పాలన్నారు. వరండాలో నిలబడి చెప్పాను.

“ఎంతదాక సదివినవ్?” అని ముత్తక్క అడిగింది.

“ఎనిమిది.”

“గిన్నె కింద సన్నగుంటదని మా కోడలికి ఒకటో తరగతి గూడ లేకుండనే ఎరుక.”

ఆ సాయంత్రం సార్, నేను కొత్త లెక్క వేశాం. రోజుకు మొత్తం నూట ఎనభై రెండు నిమిషాలు. సమానంగా పంచితే, భిన్నం వదిలేసి, తలా ముప్పై ఆరు. తొమ్మిదికి రోజుకు పద్నాలుగు తగ్గాయి. ఆరు రోజులకు ఎనభై నాలుగు. ఇకపై సమానంగా ఇస్తే సరిపోతుందన్నాను. జరిగిపోయిన ఆరు రోజులు ఎవరి ఖాతాలో వేస్తావని సార్ అడిగారు. మర్నాటి నుంచి తొమ్మిదికి మొదటి వంతు. మిగతా నాలుగు వార్డులకు ముప్పై నాలుగేసి నిమిషాలు, తొమ్మిదికి నలభై నాలుగు. అంటే రోజుకు ఎనిమిది నిమిషాలు తీరుతుంది. ఐదో వార్డు పార్షద్ వచ్చి గొడవ చేస్తే, సార్ లాగ్‌బుక్ ఆయన వైపు తిప్పి, మీ నలభై మీరే చదవండన్నారు. ఆయన చదివి వెళ్లిపోయాడు.

అలా ఏడు రోజులు నడిచింది. ఏడో రోజు సార్‌కు జగదల్‌పూర్ బదిలీ ఉత్తర్వు వచ్చింది. తల్లి వైద్యం కోసం రెండేళ్లుగా ఆయనే అడుగుతున్న బదిలీ. బాకీ తీరేదాకా ఉంటారని నేను అనుకున్నాను. ఆయన ఉండలేదు. మర్నాడే చార్జి అప్పగించారు. వెళ్లేముందు నా ఫైలు మీద సంతకం పెట్టారు. పర్మినెంట్ చేయమన్న సిఫార్సుతో పాటు, ట్యాంకు తప్పు కూడా అందులో రాశారు.

నేను ఈమధ్యే మోకాళ్ల నొప్పితో ముందుగా విరమణ తీసుకున్నాను. గత వేసవిలో సార్ కాలం చేశారని ఆయన పెద్దమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఆయన దగ్గర నేర్చుకున్న పని పద్ధతి ఇది. నీళ్లను ట్యాంకు దగ్గర కొలిస్తే చాలదు, చివరి నల్లా దగ్గర కొలవాలి. ఆ తరువాత ఉద్యోగమంతా లాగ్‌బుక్‌లో చివరి వంతు నిమిషాల గడే ముందు చూశాను.

చార్జి జాబితాలో కుర్చీలు, బీరువాలు, జీపు అయ్యాక చివరి వరుసలో సార్ తన చేతిరాతతో తొమ్మిదో వార్డు లెక్క రాశారు. కొత్త సీఎంఓ అది చదివి, ఇదెలాంటి సామాను అని నవ్వి సంతకం పెట్టారు. బాకీ తీర్చే వంతులు ఆ రోజే ఆగిపోయి, అన్ని వార్డులకూ సమాన నిమిషాలయ్యాయి. నెలాఖరుకు కొత్త మోటార్లు వచ్చాయి. వంతుల అవసరమే లేకుండా పోయింది. ఆ వరుసను ఎవరూ కొట్టివేయలేదు: ఇవ్వవలసినవి ఎనభై నాలుగు, ఇచ్చినవి యాభై ఆరు, తొమ్మిదో వార్డుకు ఇంకా ఇవ్వవలసింది ఇరవై ఎనిమిది నిమిషాల నీళ్లు.