చర్చి వరండాలో పాప

నా చిన్నప్పుడు మా ఊళ్ళో వానాకాలమంటే వాగు చెప్పినట్టు వినడమే. అది పొంగితే అడవి వైపు ఊళ్ళకూ మాకూ మధ్య దారి తెగిపోయేది. ఒక్కోసారి భద్రాచలం పోయే బస్సు కూడా మా దాకా వచ్చేది కాదు.

ఊరి చివర రేకుల కప్పు వేసిన చిన్న చర్చి ఉండేది. మా ఇల్లు దానికి ఎదురుగానే. ఆ చర్చిలో పాట ఎత్తుకునేది మా నాయనమ్మ. ఆమె గొంతు లేస్తేనే తక్కినవాళ్ళు అందుకునేవారు. నేను ఆమె పక్కన చాప మీద కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దుటి నుంచీ ముసురు పట్టింది. ఆరాధన మొదలయ్యాక, తడిసి ముద్దైన ఒక కోయ జంట వచ్చి చర్చి వరండాలో కూర్చున్నారు. ఆ తండ్రి భుజం మీద ఒక పిల్ల, నా ఈడుదే. వానకు తల దాచుకోవడానికి వచ్చారనుకున్నాం. కిటికీలోంచి నాయనమ్మ కూడా చూసింది. చూసి, పాట ఆపకుండానే, నన్ను ముందుకు తిరిగి కూర్చోమని మోకాలి మీద తట్టింది. రేకుల మీద వాన మోగుతుంటే మేమంతా ఇంకా గట్టిగా పాడాం. ఆ రోజు పాస్టరుగారి ప్రసంగం కూడా చాలాసేపు సాగింది.

బయటికి వచ్చాక తెలిసింది, ఆ పిల్లకు వాంతులూ విరేచనాలూ అని. వాగు ముంచెత్తకముందే దాటి, బస్సెక్కి దవాఖానాకు పోదామని వచ్చారట. బస్సు రాలేదు. అంటురోగమేమోనని టీ కొట్టు ఆయన అక్కడ కూర్చోనివ్వలేదట. తెలుగు అంతగా రాని ఆ తండ్రి సగం చేతులతోనే చెప్పాడు. పిల్ల కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

జనం పక్కకు జరిగారు. మా అమ్మ కూడా జరిగింది. ఆమె చంకలో పాలు తాగే తమ్ముడున్నాడు. నాయనమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు.

"నువ్వు పిల్లగాన్ని తీస్కొని మీ అక్కోళ్ళింటికి పో బిడ్డా. వీళ్ళను నేను చూస్త," అంది.

తర్వాత ఆ పిల్లను తనే ఎత్తుకుని మా ఇంట్లోకి తెచ్చింది. నాన్న సైకిలు మీద పై ఊరి కాంపౌండరు కోసం వెళ్ళాడు. నాయనమ్మ గంజిలో ఉప్పు కలిపి చెంచాతో పట్టింది. కొంత లోపలికి పోయేది, కొంత మెడ మీదికి కారేది. నేను గుమ్మంలో నిలబడి ఉంటే ఆ పిల్ల ఒకసారి కళ్ళు తెరిచి నన్నూ, నా గౌనునూ చూసింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నాన్న ఉత్త చేతులతో తిరిగి వచ్చేసరికే పిల్ల పోయింది. అటు రోడ్డు కూడా మునిగిందట. తల్లి ఏడవలేదు. బిడ్డ అరికాళ్ళు రుద్దుతూనే ఉంది. నాయనమ్మ ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకునేదాకా ఆపలేదు.

నీళ్ళు కాచి, ఇద్దరూ కలిసి పిల్లకు స్నానం చేయించారు. అప్పుడు నాయనమ్మ నా దగ్గరికి వచ్చింది.

"నీ గౌను ఇస్తవా బిడ్డా?"

అది క్రిస్మస్‌కు కుట్టించింది, ఆదివారాలు మాత్రమే వేసుకునేదాన్ని. పాతది ఏదైనా ఇవ్వరాదా, మట్టిలో పోయేదే గదా అని పక్కింటి ఆమె గడప బయటి నుంచి అంది. నాయనమ్మ అటు తిరగలేదు. నా జవాబు కోసమే నిలబడింది. నేను గౌను విప్పి ఇచ్చాను. ఆ పిల్లకు కాస్త వదులైంది.

పాస్టరుగారు ప్రార్థన చేస్తానని వచ్చాడు. "ముందు వాళ్ళను అడుగుదామయ్యా. పిల్ల వాళ్ళది," అంది నాయనమ్మ. తమ ఊరికి తీసుకుపోయి, తమ పెద్దల పద్ధతిలోనే సాగనంపుకుంటామని ఆ తండ్రి చెప్పాడు. పాస్టరుగారు తలూపి, బైబిలు మా ఇంట్లో పెట్టి గొడుగు అందుకున్నాడు. సాయంత్రానికి వాగు కొంచెం తగ్గింది. ఆయనా నాన్నా వాళ్ళను చెరో పక్క పట్టుకుని అవతలి ఒడ్డుకు దాటించి వచ్చారు.

ఆ సాయంత్రం ఇంటి ప్రార్థనలో నాయనమ్మ ఆ పిల్ల కోసం నోరు తెరిచి, ఆగిపోయింది.

"ఆ పిల్ల పేరేంది?" అని మమ్మల్ని అడిగింది.

ఎవరికీ తెలియదు. గంజి పట్టాం, స్నానం చేయించాం, బట్టలు తొడిగాం. పేరు మాత్రం ఎవరమూ అడగలేదు. నాయనమ్మ ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"కిటికీలకెళ్ళి నేను చూసిన. పాట అయినంక పోదాంలే అనుకున్న," అంది.

"ముందే పోయినా దక్కకపోవునేమో అమ్మా," అన్నాడు నాన్న.

"కావచ్చు. కాని నేను పోలే."

వానలు తగ్గాక నాన్న అడవి వైపు ఊళ్ళలో ఆరా తీశాడు. ఆ కుటుంబం కూలికి ఎటో వెళ్ళిపోయిందన్నారు. నాయనమ్మ మాత్రం ఆ తర్వాతి ఆదివారం నుంచే తన చాప తలుపు పక్కకు మార్చుకుంది. బయట ఎవరైనా కనిపిస్తే పాట మధ్యలోనే లేచి వెళ్ళేది. పాట తడబడేది. కొన్నాళ్ళకు జనం ఆమె లేకుండానే పాడడం నేర్చుకున్నారు.

ఇప్పుడు నేను ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉంటున్నాను. మా చర్చిలో నేను తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చుంటాను. మోకాళ్ళ నొప్పుల వల్లనని అందరూ అనుకుంటారు, నేనూ కాదనను. బయట ఎవరైనా వచ్చి నిలబడితే లేచి వెళ్తాను. ముందు పేరు అడుగుతాను, ఆ తర్వాతే వచ్చిన పని. కొందరు వింతగా చూసి చెప్తారు. ఇంటికి వచ్చి ఆ పేర్లన్నీ ప్రార్థనలో తలుచుకుంటాను. చివరికి ఒక్క చోట ఆగిపోతాను. ఆ పేరు ప్రభువుకు తెలిసే ఉంటుంది. నాకు తెలియదన్న బాధ మాత్రం ఈ వయసులోనూ తగ్గలేదు.