కోదాడ పెండ్లికొడుకులు, మిర్యాలగూడ పెండ్లిపిల్లలు

ఆ రోజుల్లో ఏ ప్రాణి ఒంటరిగా కనిపించినా నాకు అన్నం సయించేది కాదు. వాకిట్లో ఒక్క కోడిపెట్ట తిరుగుతుంటే దాని పుంజు ఎటు పోయిందని వాడకట్టంతా అడిగి వచ్చేదాన్ని. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు. సెంట్రింగ్ పనికి పోయే మా ఆయన నా గుణం చూసి, "ఇది చీపురుకట్టకు గూడ జోడు ఎతుకుతది" అని అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. (ఆయన నవ్వుతున్నాడో కోపంగా ఉన్నాడో మొహం చూసి చెప్పలేం. మీసం కదిలిందా లేదా అని చూసుకోవాలి.) ఈ గుణంతోనే నేను సూర్యాపేటలో ఏడు ప్రాణాలు పోగొట్టి, దొరక్క దొరికిన కొలువును కూడా పోగొట్టుకోబోయాను. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది కానీ అప్పుడు నవ్వే స్థితిలో లేను.

అంతకుముందు నా పని మోతె వైపు తోటల్లో మిరపకాయలు ఏరడం. ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది, సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. ఏడుపొచ్చినా కళ్ళు తుడుచుకునే వీలు లేదు, తుడుచుకుంటే ఇంకో ఏడుపు. అట్లాంటి నాకు ఎవరో చెప్పగా పిల్లల డాక్టరమ్మ దవాఖానలో ఆయా పని కుదిరింది. నెత్తి మీద ఫ్యాను, కాళ్ళ కింద చల్లటి బండలు. మొదటి రోజు ఆ ఫ్యాను కింద నిలబడి పని సంగతే మరిచిపోయాను. డాక్టరమ్మ మాట పొదుపు మనిషి. కొత్తగా కొన్న గాజు తొట్టిని చూపించి అన్నది:

"నెల రోజులు చూస్తాను. బయట కూర్చున్న పిల్లలు ఏడవొద్దు. ఈ తొట్టిలో చేపలు చావొద్దు. రెండూ అయితే ఉండు, లేకపోతే నీ దారి నీది."

అక్కడ ఒక కాంపౌండరు ఉండేవాడు. పిల్ల ఏడిస్తే "ష్ష్" అనేవాడు, తల్లి మాట్లాడితే "ష్ష్" అనేవాడు, కుర్చీ కిర్రుమంటే కుర్చీని కూడా "ష్ష్" అనేవాడు. మేమంతా ఆయన్ను ష్ష్ సారు అనే పిలిచేవాళ్ళం. ఆ "ష్ష్" వినే సగం మంది పిల్లలు ఏడుపు అందుకునేవాళ్ళు. తొట్టిలో నీళ్ళు పోసి, గాలి మిషను పెట్టి వారం రోజులు ఊరికే తిప్పాక, డాక్టరమ్మ నన్నూ ఆయన్నూ చేపల కోసం కోదాడ పంపింది.

కోదాడ చేపల దుకాణాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "మొదటిసారా పెంచటం?" అన్నాడు.

"పెంచుడు మొదటిసారే. వండుడు మస్తుసార్లు అయింది" అన్నాను.

"అయితే నే చెప్పేది వినమ్మా. అందంగా ఉంది కదా అని దేన్నిబడితే దాన్ని కలపకూడదు. అది ఎంత పెద్దదవుద్ది, పక్కదాని జోలికి పోద్దా, నీళ్ళల్లో ఎక్కడ తిరుగుద్ది, ఈ మూడూ చూసుకోవాల. ఇవిగో, గప్పీలు. పైపైన తిరుగుతయ్యి. ఇవి మీసాల చేపలు, అడుగునే ఉంటయ్యి. ఎవరి వాటా వాళ్ళది, కొట్లాటే ఉండదు."

అట్లా ఎనిమిది గప్పీలు, నాలుగు మీసాల చేపలు ఇచ్చాడు. గప్పీలంటే ఏం గప్పీలు! వేలు గోరంత ఒళ్ళు, ఒళ్ళంత తోక. ఎరుపొకటి, నీలమొకటి, నెమలికంఠం రంగొకటి, పట్టుచీర కొంగు నీళ్ళలో వదిలినట్టు ఆ తోకలు ఊగుతుంటే నా కళ్ళు అక్కడే ఉండిపోయాయి. "అన్నీ మగవే ఇచ్చానమ్మా" అన్నాడాయన.

"ఆడయి లేవా?"

"ఉన్నయ్యి. వేస్తే నెల తిరక్కుండా తొట్టినిండా పిల్లలే. ఆస్పత్రికి ఎందుకొచ్చిన గోల?"

"ఆడయి ఎట్లుంటయి?"

"ఏముంది, బూడిద రంగు, పొట్టి తోక, పెద్ద పొట్ట. చూట్టానికేం బాగోవు."

(ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ రోజు నేను కట్టుకున్నది బూడిద రంగు చీర.)

చేపలు వచ్చాక దవాఖాన తీరే మారిపోయింది. సూది అంటే గోడలెక్కే పిల్లలు గాజుకు ముక్కులు ఆనించి నిలబడేవాళ్ళు. ష్ష్ సారుకు "ష్ష్" అనే పనే తగ్గిపోయి దిగాలుగా కనిపించేవాడు. డాక్టరమ్మ పోతూ వస్తూ తొట్టి వైపు చూసి తలాడించేది. నేను ఊరికే ఉంటే ఏ గొడవా లేదు. కానీ మధ్యాహ్నం దవాఖాన ఖాళీ అయ్యాక తొట్టి ముందు కూర్చుంటే నా గుణం ఊరుకునేది కాదు. ఎనిమిది మంది మగవాళ్ళు, పెళ్ళికి తయారైనట్టు ముస్తాబై, చూసేవాళ్ళు లేక ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నారు. ఆడదిక్కు లేని కొంప.

మిర్యాలగూడలో మా అన్న దోమల మందు కొట్టే పనిలో ఉండేవాడు. ఆ ఆదివారం పుట్టింటికి పోతే, ఆయన పనిచేసే చోట ఒక సిమెంటు తొట్టి కనిపించింది. తొంగి చూశాను. నా పానం లేచి వచ్చింది. బూడిద రంగు, పొట్టి తోక, పెద్ద పొట్ట! ఒకటి కాదు, వందలు!

"అన్నా, ఇవి ఎవరియే?"

"మాయే చెల్లె. గుంతల్ల, మురికినీళ్ళల్ల ఇడుస్తం. దోమల పిల్లల్ని పట్టి తింటయి. నీకేమన్న కావాల్నా? మీ కాడ దోమలున్నయా?"

దవాఖానలో దోమలు ఉన్న మాట నిజమే కాబట్టి "ఉన్నయే" అన్నాను. పెళ్ళి సంగతి చెప్తే నవ్వుతాడని చెప్పలేదు. అదే నేను చేసిన తప్పు. మనుషులకైతే ఊరు, ఇంటిపేరు, మేనమామ ఎవరు అని అడగనిదే సంబంధం కలపం. ఇక్కడ రంగు చూసి, పొట్ట చూసి ఒప్పేసుకున్నాను. అన్న చాయ్ జాలితో ఎనిమిదింటిని దేవి పాలక్యానులో వేశాడు. వదినకు మాత్రం చెవిలో చెప్పాను. ఆమె కూడా నాలాంటిదే. "ఆడపిల్లలను ఉత్తగనే తోలుతరా?" అని చిటికెడు పసుపు కలిపిన బియ్యం కాగితంలో కట్టి నా కొంగున ముడి వేసింది.

బస్సులో పక్కన కూర్చున్న ముసలామె క్యాను మూత కింద చప్పుడు విని, "ఏందది బిడ్డా?" అంది.

"ఆడపిల్లలవ్వా. అత్తగారింటికి తోల్కపోతున్న."

ఆమె నా మొహం ఎగాదిగా చూసింది. సంచి తీసి అటువైపు పెట్టుకుంది.

సోమవారం పొద్దున్నే, రోగులు రాకముందే పని కానిచ్చాను. తొట్టి అద్దానికి పసుపు, కుంకుమ బొట్టు పెట్టాను. ఐదు ఒడిబియ్యం గింజలు నీళ్ళలో వదిలాను. (మీసాల చేపలు వాసన చూసి పక్కకు జరిగాయి, చుట్టాలకు భోజనం నచ్చనట్టు.) పెళ్ళిపిల్లలను ఒక్కొక్కదాన్నే గరిటెతో దించుతుంటే ష్ష్ సారు వచ్చాడు.

"ష్ష్! ఏం జేస్తున్నవ్?"

"లగ్గం."

ఆ మాటకు ఆయనకు "ష్ష్" కూడా రాలేదు.

మొదటి రోజు అంతా బాగానే ఉంది. గప్పీలు తోకలు విప్పి చుట్టూ తిరిగాయి. నేను మురిసిపోయాను. మంగళవారం ఒక పెళ్ళికొడుకు తోక అంచు చినిగి ఉంది. కొత్త కాపురం కదా, అలకలుంటాయి అనుకున్నాను. బుధవారానికి రెండు తోకలు పాత చీపుర్లయ్యాయి. గురువారం ఎరుపు గప్పీ నీళ్ళ మీద వెల్లకిలా తేలింది. డాక్టరమ్మ వచ్చి నిలబడి చూసింది.

"ఏమైంది?"

"చలికేమో అమ్మా."

"ఎండాకాలంలోనా?"

తలాడించకుండానే లోపలికి పోయింది. అదే నాకు భయం. నెల నిండడానికి ఇంకా వారమే ఉంది. ఆ మధ్యాహ్నం అన్నం మానేసి తొట్టి ముందే కూర్చున్నాను. నెమలికంఠం గప్పీ తన మానాన తను పోతోంది. వెనక నుంచి ఒక పెళ్ళిపిల్ల వచ్చింది. ఎంత సాధువుగా వచ్చింది! వచ్చి, తోక ముక్క కొరికి, ఏమీ ఎరగనట్టు పక్కకు పోయింది. వెంటనే ఇంకొకతి వచ్చింది. నేను అద్దం మీద దబదబ కొట్టాను. "ఓసీ నీ పాడుగాను, మొగన్ని కొరుకుతవే!" అని నేను అరిస్తే లోపలి గదిలోంచి ష్ష్ సారు "ష్ష్" అన్నాడు.

ఒకదాన్ని పచ్చడి సీసాలో వేసుకుని మరునాడే కోదాడ పోయాను. దుకాణాయన సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ సీసాను చూశాడు.

"ఎవరమ్మా ఈ సంబంధం చేసింది?"

"నేనే."

"ఇవి గప్పీ ఆడవి కాదు. దోమల చేపలు. చూట్టానికి అట్టాగే ఉంటయ్యిగానీ జాతే వేరు. వీటి పనే కొరకటం. పొడుగు తోక కనబడితే ఊరుకుంటయ్యా? ముందు వాటిని బయటికి తియ్యి తల్లీ."

నేను అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చాను. ఆయన పాపం మంచినీళ్ళిచ్చి, "వాటి తప్పేం లేదమ్మా. మురికిగుంటలో వేటాడే చేపను తీసుకొచ్చి పట్టుచీరల కొట్లో పెట్టావు" అన్నాడు.

వచ్చీ రాగానే పెళ్ళిపిల్లలందరినీ దేవి, దవాఖాన వెనక సందులో దోమలు ముసిరే పాత సిమెంటు తొట్టిలో వదిలాను. అక్కడ అవి మహారాణుల్లా తిరిగాయి, నాలుగు రోజుల్లో దోమలు తగ్గాయి. కానీ ఇవతల గాజు తొట్టిలో కొరికిన పుండ్లు మానక గప్పీలు రోజుకొకటి పోతూనే ఉన్నాయి. ఉప్పు వేశాను, దండం పెట్టాను. నెల నిండే రోజుకు మిగిలింది తోకలేని నీలం గప్పీ ఒక్కటి, అడుగున మీసాల చేపలు నాలుగు.

ఆ రోజు జ్వరాల కాలం కాకపోయినా జాతరలా వచ్చారు పిల్లలు. గాజు తొట్టి ఖాళీగా కనబడేసరికి ఒకరు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు అందుకున్నారు. ష్ష్ సారు శక్తికొద్దీ "ష్ష్" అంటున్నాడు, అన్నకొద్దీ పెరుగుతోంది. ఎట్లాగూ సాయంత్రం నన్ను పొమ్మంటారు. నాకిక సిగ్గేముంది? తొట్టి పక్కన నేల మీద కూర్చుని, గవదలు వాచిన ఒక పిల్లను దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాను. "ఇగో సూడుండ్రి, ఈ నీలం చేప పెండ్లికొడుకు. కోదాడ నుంచి ఊరేగింపుగ వచ్చిండు. పెండ్లిపిల్లది మిర్యాలగూడ. పాలక్యానుల కూసోని బస్సెక్కి వచ్చింది..."

ఏడుపులు ఒక్కొక్కటే ఆగాయి. ఒడిబియ్యం దగ్గరికి వచ్చేసరికి తల్లులు కూడా దగ్గరికి జరిగారు. తోక కొరికిన చోట గవదల పిల్ల రెండు చెంపలూ పట్టుకుని అడిగింది:

"ఎందుకు కొరికినయక్కా?"

"ఆకలికి బిడ్డా. వాటికి కావాల్సింది ఏందో నేను అడగనే లేదు."

"మరి ఇప్పుడు యాడున్నయి?"

"పుట్టింటి అసొంటి ఇల్లు దొరికింది. కడుపునిండ తింటున్నయి."

పిల్లలను ఒక్కొక్కరినే పిలుస్తుంటే "కథ అయినంక వస్త" అంటున్నారు. డాక్టరమ్మ గది పరదా పట్టుకుని నిలబడి ఉందని నేను చాలాసేపటికి చూశాను. గభాల్న లేచాను. ఆమె పరదా వదిలి లోపలికి పోయింది.

సాయంత్రం పిలిచింది. "చేపలు చావొద్దన్నాను."

"అవునమ్మా."

"చచ్చాయి."

"అవునమ్మా."

ఏదో చీటీ రాసుకుంటూ తలెత్తకుండానే అన్నది: "రేపు కోదాడ పోయి కొత్తవి తీసుకురా. ఈసారి పెళ్ళిళ్ళు చెయ్యకు."

ఇంటికి ఎట్లా నడిచానో గుర్తులేదు. మా ఆయన గడప మీద కూర్చుని కాళ్ళకంటిన సిమెంటు గోక్కుంటున్నాడు. "ఏమాయెనే?" అన్నాడు. పక్కన కూర్చుని చెప్పబోతే సంతోషంతో ఏడుపే వచ్చింది. ఆయన ఇంకోలా అర్థం చేసుకున్నాడు. నా పక్కకు జరిగాడు.

"పోతే పోనియ్. ఆ డాక్టరమ్మకేం తెలుసు నీ కిమ్మతు? నిన్నయితే మళ్ళ మిరప తోటకు తోల. నేను ఇంకో పూట పని జేస్త. నువ్వు గాడికి పోవట్టి నెలదినాల సంది నీ మొఖం సూస్తుంటే నాకే కడుపు నిండినట్టుండె..."

రెండేళ్ళ కాపురంలో ఆయన నాతో అన్ని మాటలు ఒక్కసారి ఆడింది లేదు. నేను తల వంచుకుని విన్నాను. ఆయన ఇంకా ఏదో అనబోతూ తువ్వాలతో నా కళ్ళు తుడవబోయేసరికి ఆగలేక నవ్వేశాను.

"కొలువు ఉన్నదయ్యా."

"ఉన్నదా? మరి గింతసేపు చెప్పకపోతివేందే?"

"మంచిగ మాట్లాడుతుంటివి గదా, నడుమ ఆపుడెందుకని."

ఆ తువ్వాల నా మీదికి విసిరి, కాళ్ళు కడుక్కోవడానికి లేచిపోయాడు. ఈసారి మీసం బాగానే కదిలింది. మోకాళ్ళు మొరాయించేదాకా ఆ దవాఖానలోనే చేశాను. ఆయన పోయి ఆరేళ్ళవుతోంది. ఇప్పుడు కూర్చుని తలచుకుంటే, ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల చేపలకు చేసిన పెళ్ళి మీద నాకేం కోపం లేదు. తెలివిలేని పిల్ల, జాలికొద్దీ చేసింది. కానీ ఆ గడప మీద అంత తొందరగా నవ్విందే, అందుకు మాత్రం ఒకటి తగిలించాలనిపిస్తుంది. ఇంకాసేపు తల వంచుకుని కూర్చుంటే దాని సొమ్మేం పోయేది?